పెంపకమా? ఎంపికా?

ప్రయోగశాలలో పిండాభివృద్ధిని మెరుగుపరుస్తున్నామనే మాట ఈనాడు విరివిగా వినబడుతోంది. ఆ ఒక్క మాట చాటున రెండు వేర్వేరు పనులు సాగుతున్నాయి. పెంపకం ఒకటి, ఎంపిక మరొకటి. రెండింటినీ కలిపి చెప్పడంవల్ల ఎవరికి లాభమో ఆలోచించవలసి ఉంది.

గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం. స్త్రీ గర్భనాళంలో అంతకన్న చాలా తక్కువ. అయినా ప్రయోగశాలలు చాలాకాలం మామూలు గాలి మోతాదులోనే పిండాలను పెంచాయి. దాన్ని 5 శాతానికి తగ్గిస్తే పుట్టే బిడ్డల సంఖ్య పెరిగే అవకాశముందని 2012లో కొక్రేన్ సమీక్ష చెప్పింది. పిండం అదే; మారింది పరిస్థితి. ఈ మాట వినగానే మనవాళ్లు కొందరు ఉప్పొంగిపోతారు. తొందర వద్దు. 1948లో లైసెంకో పరిసరాల పేరుతో జన్యుశాస్త్రాన్ని వెళ్లగొట్టినందుకు సోవియట్ శాస్త్రం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. అండంలోనే క్రోమోజోముల లెక్క తప్పితే ఏ ఇంక్యుబేటరూ దాన్ని సరిచేయలేదు.

ఇక ఎంపిక. అయిదవ రోజున పిండంనుంచి కొద్ది కణాలు తీసి క్రోమోజోములు లెక్కపెడతారు. కొన్ని పిండాల్లో బాగున్న కణాలూ, లెక్క తప్పిన కణాలూ కలిసే ఉంటాయి. అలాంటివాటిని పనికిరానివని పక్కకు నెట్టేవారు. 2015లో ఇటలీ వైద్యులు వాటినే 18 మంది స్త్రీల గర్భాల్లో ఉంచగా ఆరుగురు ఆరోగ్యవంతులైన బిడ్డలు పుట్టారు. అంతకుముందు పారవేసినవాటి మాటేమిటి? పిండాన్ని రాత్రింబవళ్లు కెమెరాతో కనిపెట్టి చూసి మేలైనదాన్ని ఏరే పద్ధతి ఇంకొకటి. బ్రిటన్, హాంగ్‌కాంగ్‌లలో 1,575 మందిపై దాన్ని పరీక్షిస్తే జననాలు పెరగలేదని 2024లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

తలసేమియావంటి జబ్బు వంశంలో ఉన్నవారికి పిండపరీక్ష నిజంగా అవసరమే. దాన్ని కాదనడం మూర్ఖత్వం. కాని చేట తాలును వేరుచేస్తుందేగాని గింజను పాలుపోసుకునేలా చేయదు. అమెరికాలో కొన్ని కంపెనీలు పుట్టబోయే బిడ్డ తెలివితేటలను సైతం అంచనాకట్టి పిండాలకు వరుస నిర్ణయిస్తున్నాయి. బీదవాడి బిడ్డకు తెలివి తక్కువని వెనకటి దొరలు అన్నమాటకూ దీనికీ చుట్టరికం లేదా?

ప్రాణవాయువును తగ్గించిన సంగతి బిల్లులో విడి పద్దుగా కనబడదు. కెమెరా కనబడుతుంది, క్రోమోజోముల పరీక్ష కనబడుతుంది. నగలు తాకట్టుపెట్టి వచ్చిన దంపతులకు ఆ పద్దు బిడ్డ పుట్టే అవకాశాన్ని పెంచుతుందా, లేక ఉన్న పిండాల వరుసను మాత్రమే మారుస్తుందా అన్నది డబ్బు కట్టకముందే, వారి భాషలో చెప్పాలి.