ఈత నేర్పడం కూడా తండ్రి బాధ్యతే

కొడుకు విషయంలో తండ్రి తీర్చుకోవాల్సిన బాధ్యతలేమిటో యూదుల తల్మూద్‌లో కిద్దుషిన్ అనే భాగం వరసగా చెబుతుంది. సున్తీ చేయించాలి, తొలిచూలు కొడుకైతే విడుదల క్రతువు జరిపించాలి, పవిత్రగ్రంథమైన తోరా చదివించాలి, పెళ్లి చేయాలి, బతకడానికి ఒక పని నేర్పాలి. ఇన్ని చెప్పాక, ఈత కూడా నేర్పాలని కొందరు పెద్దలన్నారని కలుపుతుంది. దాదాపు 1500 ఏళ్ల నాటి ధర్మగ్రంథం చదువు, పెళ్లిళ్ల సరసన ఈతను కూర్చోబెట్టింది. కారణమూ అక్కడే ఉంది, అది ప్రాణానికి సంబంధించిన విద్య. బిడ్డ నీళ్లలో పడేనాటికి ఒడ్డున తండ్రి ఉంటాడన్న హామీ ఏమీ లేదు కదా.

అమెరికాలో మన తెలుగువాళ్లం పిల్లలకు నేర్పించని విద్య లేదు. కూచిపూడి, లెక్కలు, స్పెల్లింగ్ బీ, ఆ ఈత క్లాసు కూడా. కానీ బ్యాగు సర్దేది మనం. మరిచిపోయిన హోంవర్కు స్కూలుకు పట్టుకెళ్లి ఇచ్చేది మనం. మార్కు తగ్గితే టీచరుకు ఈమెయిలు పెట్టేదీ మనమే. లాస్ ఏంజెలెస్‌లో సైకాలజిస్టుగా పనిచేసిన వెండీ మోగెల్ ఇలాంటి ఇళ్లను దగ్గరగా చూశారు. ఏ లోటూ లేని కుటుంబాల్లో చిన్న ఇబ్బందికే బెంబేలెత్తే పిల్లలు కనిపించారు. దారి కోసం ఆవిడ తన యూదు సంప్రదాయాన్నే తిరిగి చదువుకుని, 2001లో 'ద బ్లెస్సింగ్ ఆఫ్ ఎ స్కిన్డ్ నీ' రాశారు. మోకాలు గీసుకుపోవడం కూడా పిల్లలకు దీవెనేనని ఆ పేరే చెబుతుంది.

యూదు కుర్రాడు పెద్దవాడయ్యే వేడుక బార్ మిత్స్వా. మనవాళ్లు చాలామంది ఆ విందులకు వెళ్లే ఉంటారు. నన్ను కట్టిపడేసేది ఆ విందు కాదు, అంతకుముందు వాళ్ల ప్రార్థనా మందిరం సినగాగ్‌లో జరిగే పఠనం. పదమూడేళ్ల కుర్రాడు తోరా చుట్ట ముందు నిలబడి రాగయుక్తంగా చదవాలి. ఆ రాతలో అచ్చుల గుర్తులుండవు, స్వరాల గుర్తులుండవు. అందుకే నెలల తరబడి సాధన చేస్తారు. మాట తప్పు చదివితే పక్కనున్న పెద్ద అందరి ముందే సరిదిద్దుతాడు. కుర్రాడు ఆ మాట మళ్లీ చదివి ముందుకు సాగుతాడు. దాన్ని ఎవరూ అవమానంగా చూడరు. తప్పు దిద్దుకుని కొనసాగడం ఆ వేడుకలో భాగం. బయటి ప్రపంచం మన పిల్లల్ని సరిదిద్దే రోజు వస్తుంది. అంతకంటే ముందు అయినవాళ్ల మధ్య ఆ అనుభవం దొరకడం ఎంత మేలు!

ఆ తర్వాత తండ్రి చిన్న ప్రార్థన చేస్తాడు. ఈ బిడ్డ తప్పుల భారం నుంచి తనను విడిపించినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాడు. ఇక వాడి మంచిచెడ్డలకు వాడే జవాబుదారీ. అమ్మాయిలకు సంప్రదాయం ప్రకారం ఈ బాధ్యత పన్నెండేళ్లకే వస్తుంది. అమెరికాలో వాళ్లకూ సభలో వేడుక మొదలైంది 1922లో, న్యూయార్క్‌లో జ్యూడిత్ కాప్లాన్‌తో అంటారు.

పదమూడేళ్లకే ఎవరూ పూర్తిగా పెద్దవాళ్లైపోరు, నిజమే. కానీ సమాజం ఆ కుర్రాణ్ని లెక్కలోకి తీసుకుంటుంది. సామూహిక ప్రార్థనకు పదిమంది కావాలి. తొమ్మిదిమంది పెద్దలు చేరి ఎదురుచూస్తుంటే, ఏడో తరగతి కుర్రాడు లోపలికి రాగానే ప్రార్థన పూర్తి రూపంలో మొదలవుతుంది. వాడు రాకపోతే పని ఆగుతుంది. మన ఇళ్లలో పిల్లలు చేయకపోతే ఆగిపోయే పని ఏదైనా ఉందా? బాధ్యత గురించి ఎంత చెప్పినా, తమ అవసరం ఉందని తెలియని పిల్లలకు అది పట్టదని నా గట్టి నమ్మకం.

పెద్దల మీదా ఈ సంప్రదాయం అంతే బరువు పెడుతుంది. పిల్లలకు ఇస్తానన్నది ఇవ్వకపోతే వాళ్లకు అబద్ధం నేర్పినట్టేనని తల్మూద్‌లో రబ్బీ జేరా అనే గురువు అభిప్రాయం. ఇక తల్లిదండ్రుల్ని ఎంతగా గౌరవించాలన్న ప్రశ్నకు తల్మూద్ చూపించిన ఆదర్శం యూదుడు కాడు. అష్కెలోనుకు చెందిన దామా బెన్ నెతినా. అమ్మాల్సిన సరుకున్న చోటి తాళంచెవి నిద్రపోతున్న తండ్రి తలకింద ఉందని, ఆయన్ను లేపడం ఇష్టంలేక పెద్ద లాభాన్నే వదులుకున్నాడు. పరాయివాడి మంచిని తమ పిల్లలకు పాఠంగా చెప్పుకున్న ఆ పెద్దమనసు నాకెంతో ఇష్టం. వాళ్ల మంచిని మనమూ అలాగే తెచ్చుకోవచ్చు. ఆ మాటకొస్తే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు కుటుంబాలు యూదు ఆచారాలు పాటిస్తూనే ఉన్నాయి.

యూదుల పస్కా పండుగ రాత్రి భోజనాల బల్ల దగ్గర అందరికంటే చిన్న బిడ్డ లేచి ప్రశ్నలు అడగాలి: ఈ రాత్రికి ఏమిటి ప్రత్యేకత, ఈ చేదు ఆకులెందుకు? తమవాళ్లు ఈజిప్టు నుంచి విడుదలైన కథంతా ఆ బిడ్డకు జవాబుగానే సాగుతుంది. అడగడం తెలియని బిడ్డ ఉంటే పెద్దలే కథ అందుకోవాలి.

మనమూ అలాంటిదే చేద్దాం. వచ్చే ఉగాది సభలో, పంచాంగ శ్రవణానికి ముందు ఒక పది నిమిషాలు ఇవ్వమని మన నిర్వాహకులను కోరుతున్నాను. అందరికంటే చిన్న పిల్లకు మైకు ఇద్దాం. ప్రశ్న మనం రాసివ్వద్దు, వేపపువ్వు గురించో ఇంకో దాని గురించో తనకు తోచిందే అడగనిద్దాం. ఒక తాతగారో అమ్మమ్మగారో జవాబు చెబుతారు. ఆ ఏడు పచ్చడి కలిపే పని మిడిల్ స్కూలు పిల్లలది. చింతపండు నానబెట్టడం దగ్గర్నుంచి గిన్నెలు కడగడం దాకా వాళ్లే చూసుకోవాలి. పులుపు ఎక్కువైతే ఆ పచ్చడే అందరం తిందాం.