రాయి రంగును నమ్మొచ్చా?

రాయి పేరు చెప్పమంటే మన కన్ను ముందు రంగునే వెతుకుతుంది. పలుగురాయి, ముగ్గురాయి, కాల్సైట్ మూడూ తెల్లగానే దొరుకుతాయి, అక్కడ రంగు ఎందుకూ కొరగాదు. పలుగురాయి గాజును గీస్తుంది, మిగతా రెండూ గీయలేవు. కాల్సైట్ మీద పలుచని ఆమ్లం చుక్క వేస్తే నురగ వస్తుంది. ముగ్గురాయిని చేతిలోకి తీసుకోగానే బరువే చెబుతుంది, నీటికి సుమారు 4.5 రెట్లు మరి! కడప సీమలోని మంగంపేట నుంచి అది చమురు బావులకు వెళ్లేదీ ఆ బరువు కోసమే. పొడిచేసి తవ్వకపు బురదలో కలిపితే, లోపలి చమురు, గ్యాస్ ఒక్కసారిగా పైకి ఎగదన్నకుండా అదిమిపెడుతుంది. గంధకాన్ని పసుపు రంగుతోనే పోల్చుకుంటాం కదా అంటారా? నిజమే, కొన్నిటికి రంగు సొంతం. కానీ నల్లగా మెరిసే హెమటైట్‌ను గరుకు పింగాణీ మీద గీసి చూడండి, ఎర్రమట్టి రంగు చార పడుతుంది. ఇనుము ఎక్కువగా తీసేది ఆ రాయి నుంచే.