ముందుజాగ్రత్త యెవరికొఱకు?

మన యిండ్లలో ప్రయాణమనగానే పంచాంగము క్రిందికి దిగును. వర్జ్య మెప్పుడు, దుర్ముహూర్త మెప్పుడు, ఏ దిక్కున శూల యున్నది, ఎదురుగా నెవరు వచ్చుచున్నారు అను విచారము సాంగముగా జరుగును. పోవు దారిలో వాగున్నదా, రాత్రి చలి యెంత యుండును, బండి చెడినచో నెచట తలదాచుకొనవలయును అను ప్రశ్నలు మాత్ర మెవరికిని తోచవు. ఎవరైన నడిగినచో "బయలుదేరునప్పుడే యశుభము పలుకకుము" అని నోరు మూయింతురు. కీడెంచుటను కీడు గోరుటగా భావించు నలవాటు మనలో బలముగా నున్నది. కీడెంచి మేలెంచవలయునను సామెతయు మనదే. దానిని పలుకుటకే గాని పాటించుటకు వాడుకొనము.

ఈ మాట పరులను దప్పుపట్టుటకై యెత్తుకొనలేదు. తప్పు మాది. కొన్నియేండ్ల క్రిందట మాఘమాసమున మేము కుటుంబముతో జనగామనుండి మేడారము వెళ్లితిమి. సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్ల కొకసారి మాఘశుద్ధ పౌర్ణమి దినములలో జరుగునని చదువరు లెఱుగుదురు. మేడారము 2016లో భూపాలపల్లి జిల్లాలో జేరి, 2019లో ములుగు జిల్లా యేర్పడగా దానిలోనికి వచ్చిన యడవి గ్రామము. జనసమ్మర్దమునకు వెఱచి, జాతరకు పదిదినములు ముందుగనే మ్రొక్కు దీర్చుకొన నెంచితిమి. అమ్మవార్లకు 'బంగార' మని సమర్పించు బెల్లమును మనుమని యెత్తు తూచి బండి కెక్కించితిమి. ముహూర్తము చూచితిమి. కొబ్బరికాయ కొట్టితిమి. కంబళి యొక్కటియు దీసికొనలేదు. పగటి యెండను జూచి, మనవైపు చలి యెంత చలిలే యనుకొంటిమి.

సాయంకాలము జంపన్నవాగులో స్నానములు చేసి, దర్శనమైన పిదప నార్లాపురము, బయ్యక్కపేటల దారిని భూపాలపల్లివైపు మరలితిమి. పిల్లవాడు తడిచొక్కాతోనే బండి యెక్కినాడు. ఒంటిమీదనే యాఱునులే యనుకొంటిమి. అడవినడుమ బండి నిలిచిపోయినది. చేతిలోని ఫోనులు పలుకలేదు. రెండుగంటలు గడచునప్పటికి బాలుడు గడగడ వణకుచుండెను. మఱికొంతసేపటికి వణకు తగ్గినది. మా యింటి పెద్దామె "చలి తగ్గినది, నిద్ర వచ్చుచున్నది కాబోలు" నని సంతోషించినది. మేమును సంతోషించితిమి. ఆ సంతోషమును దలచుకొన్న నిప్పటికిని ఒడలు జలదరించును.

దారికి కొంతదూరమున మంట కనబడగా బాలు నెత్తుకొని నడచిపోతిమి. అచట గొఱ్ఱెల మందకు కావలియున్న కురుమ వృద్ధు డొకడు మాతో నొక్కమాటైన నాడక, పిల్లవాని తడిచొక్కా లాగివైచి, తన భుజముమీది నల్లగొంగడిని వానికి జుట్టెను. "ముందుగాల తడిబట్ట తియ్యాలె గదమ్మా, సలి బట్టలనే ఉంటది" అని పెద్దామెతో ననెను. నేలచలి తగులకుండ గడ్డి పఱచి కూర్చుండబెట్టెను. ప్రసాదముగా మిగిలిన బెల్లమును వేడినీళ్లలో గరగించి కొంచెము కొంచెముగా త్రాగించితిమి. అర్ధరాత్రము దాటునప్పటికి బాలుడు మరల వణకసాగి, పిమ్మట తెప్పరిల్లెను. తెల్లవాఱువఱకు నా వృద్ధుడు పలుచని ధోవతితోడనే, మంట కొకసారి వీపును నొకసారి ఱొమ్మును ద్రిప్పుచు గూర్చుండెను. ఉదయమున గొంగడిని దిరిగి యిచ్చుచు, పగటియెండలో గూడ దీనిని మోయుట బరువు గాదా యని యడిగితిమి. "సలి వెట్టినంక గొంగడి యాడ దొరుకుతది సారూ? ఎంట ఉంటెనే గొంగడి" అనెను.

ఆనాడు జరిగినదేమో తరువాత వైద్యునివలన దెలిసికొంటిమి. మన శరీరపు లోవేడి సుమారు 37 డిగ్రీలు. అది 35 డిగ్రీలకు దిగువకు జాఱెనా ప్రాణాపాయము మొదలైనట్లే. ఇందులకు మంచుకొండలే యక్కఱలేదు. తడిబట్టయు, గాలియు, పదిడిగ్రీల రాత్రియు జాలును. నీరు గాలికంటె నిరువదిరెట్లకు మించిన వేగముతో శరీరపు వేడిని లాగికొనును. నూలుబట్ట తడిసెనా మేనికంటుకొని చలిని బెంచును. ఉన్ని తడిసినను కొంతవేడిని నిలుపును. వణకుట శరీరము చేయు పోరాటము. వేడి కలుగకయే వణకు ఆగి, మాట తడబడి, మగత క్రమ్మినచో నది యోటమి గుర్తు, నిద్ర గాదు. సారాయి వేడినిచ్చునను నమ్మకము వట్టి భ్రమ. అది చర్మమునకు నెత్తురును దెచ్చి వెచ్చదనమును దోపించి, లోని వేడిని బయటికి బంపివేయును. తలుపులు బిగించిన గదిలోగాని బండిలోగాని బొగ్గుల కుంపటి పెట్టుకొనుట మఱియొక మృత్యువు; దాని విషవాయువునకు వాసన లేదు. చదువుకొన్న మా కివి యేవియు దెలియవు. చదువురాని యా వృద్ధునికి జేయవలసినది తెలిసియుండెను.

అయినను మమ్ము నిప్పటికిని వేధించునది మా యజ్ఞానము గాదు. ఆ రాత్రి చలి నెవరనుభవించిరి? తప్పు చేసినవారము మేము. మంటయొద్ద ధోవతితో వణకినవాడు వేఱొకడు. మా నిర్లక్ష్యమునకు వెల యాతడు చెల్లించెను. "నా ప్రాణము నాది, నా సాహసము నాది, ఇతరుల కేమి?" యను మాట యందుచేతనే యసత్యము. ఆపదలో జిక్కినవాని నెవడో యొకడు వెదకివచ్చును. మనుష్యుడు మనుష్యునికొఱకు రాకమానడు. రాకుండుట ధర్మమును గాదు. అందువలన మన యజాగ్రత్త మనయొద్దనే యాగునది కాదు.

వానకాలపు దృష్టాంతమైనను దీనికి సరిపోవునది యొకటి కలదు. ములుగు జిల్లా వీరభద్రవరము చెంత నడవిలోనున్న ముత్యాలధార జలపాతమును జూడబోయిన సుమారు ఎనుబదిమంది, 2023 జూలై 26న వాగు పొంగగా దారి గానక చిక్కుకొనిరి. జాతీయ విపత్తు సహాయదళమువారు రాత్రివేళ నా యడవి జొచ్చి, మఱునాడు తెల్లవాఱకమునుపే వారిని వాగు దాటించిరి. ఆ 27వ తేదీనే భూపాలపల్లి చెంత మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెను. అచటివారు మిద్దెలెక్కి ప్రాణములు నిలుపుకొనిరి, హెలికాప్టరులు రావలసివచ్చినది. ఒకచోట జనులు నీటిని వెదకికొని పోయిరి. మఱియొకచోట నీరే జనుల యిండ్లను వెదకికొని వచ్చినది. రక్షింపవచ్చువారి చేతులు రెంటికిని నవే.

అట్లయిన కోరి చిక్కినవానిని రక్షింపవలదా? ఇట్లడుగువారు కలరు. మేమట్లనము. నీటిలో మునుగువానిని బట్టి లాగునప్పుడు వాని తప్పొప్పుల లెక్క చూచుట నీచము. ఆ వృద్ధుడు మమ్ము "కంబళి యేల తేలే" దని మొదట నడిగియుండినచో మా బిడ్డ యేమైయుండునో! రక్షణ యడుగువాని యర్హతను బట్టి లభించునది కాదు, ఎల్లరకును లభింపవలసినది. ఎల్లరకును లభింపవలసినదగుటచేతనే, దానిని వృథగా గోరకుండుట మన ఋణమగుచున్నది. బావి యందఱిదని తెలిసినవాడే నీటిని పాఱబోయడు.

భక్తులు కొందఱు "దైవముమీద భారము వైచి పోవువారికి బెదురేల?" యందురు. దైవమును నమ్మినవాడు పంట వేయక కూర్చుండునా? దీపము వెలిగించి గాలిలో నుంచి, ఆరినందులకు దైవమును దూఱునా? శుభఘడియకొఱకు వెదకుటలో నొక సత్యాంశము లేకపోలేదు: ప్రతి పనికిని దగిన కాలము కలదనుటయే యది. ఆ కాలము తెలిసికొనవలసినది బల్లిపాటునుండి గాదు, ఆకాశమునుండియు, వాగునుండియు, ఆ యడవిలో బుట్టిపెరిగిన కోయలనుండియు.

యువకు లన్యధా వాదింతురు: "అన్నిటికిని జాగ్రత్తపడినచో సాహసమెక్కడిది?" చలికాలము రాగానే గూడూరు మండలములోని భీమునిపాదమునకును, రేగొండ మండలములోని పాండవులగుట్టకును, కొత్తగూడ గంగారముల యడవులకును వీరు బయలుదేఱుట మాకును సంతోషమే. ఇంటిమూల గూర్చుండి పిరికివారగుటకంటె నది యెంతయో మేలు. కాని సాహసమను పదమునకు దుడుకుతన మనియు నర్థము కలదు. మన ధర్మశాస్త్రములు బలాత్కార నేరములనుగూడ సాహసమనియే వ్యవహరించినవి. ధైర్యము వేఱు, దుడుకు వేఱు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖర మెక్కెను. మన జనగామకు దాపుననున్న భువనగిరి కొండమీద మొదట శిక్షణపొంది, పిదప డార్జిలింగులోను, లడఖ్ చలిలోను గాలము గడపి, అటుపిమ్మట నా శిఖరమునకు బోయినది. ఆ సిద్ధత వలన నామె ధైర్యము తగ్గినదని యెవరైన నందురా?

పేదవానికి సిద్ధత యెట్లు సాధ్యమను ప్రశ్న మాత్రము న్యాయమైనది. మ్రొక్కుకొఱకు చంకబిడ్డతో నడచిపోయి చెట్టుక్రింద రాత్రి గడపు కూలితల్లిని నిర్లక్ష్యురాలని నిందించుట క్రూరము. ఆమెకు లేనిది బుద్ధి గాదు, దుప్పటి. అట్టివారికి నీడయు, నిప్పును, ఆరిన వస్త్రమును సమకూర్చుట సంఘము పని. మాబోటివారి సంగతి యట్టిది కాదు. ఎత్తు బెల్లమును గొనగలిగినవారము కంబళి తెచ్చికొనలేకపోతిమా?

చేయవలసినవి గొప్పవి కావు. ఏ దారిని బోవుచున్నామో, ఎప్పటికి మరలుదుమో యింటివారికి జెప్పవలయును. అడవిశాఖవా రనుమతింపని చోటికి బోరాదు. గ్రామస్థులు వలదన్నప్పుడు వాదింపరాదు. ఆరిన బట్టలొక జత, ఒక ఉన్నికంబళి, చేతిదీపము, అగ్గిపెట్టె, నీరు, తిండి వెంట నుండవలయును. ప్రొద్దు త్వరగా గ్రుంకు దినములు గనుక ఈ గంటకు చేరినను చేరకున్నను వెనుకకు మరలుదుమని ముందే నిశ్చయించుకొనవలయును. అడవిలో రాజేసిన నిప్పును నీరుపోసి యార్పి కదలవలయును.

ఇప్పటికిని మా యింట ప్రయాణమునకు ముందు పెద్దామె పంచాంగము చూచును. మేము వలదనము. కాని చూచి ముగించినపిదప నామెయే లేచి, అటకమీది నల్లగొంగళ్లు రెండు దింపి బండిలో నుంచును. ఒకటి మాకొఱకు. రెండవది యెవరికొఱకని మొన్న మనుమ డడిగినాడు. "దారిలో నెవరికైన గావలసివచ్చునేమో, నాయనా" అని యామె చెప్పినది.