గుడ్డివాడు, గుడ్డిది

బడ్జెట్ మర్నాడు ఏ పేపరు తిరగేసినా "రాష్ట్రానికి మొండిచెయ్యి" అనే శీర్షిక కనిపిస్తుంది. వేళ్లు లేని చెయ్యి అని ఆ మాటకర్థం. రాసినవాళ్లకి గానీ చదివినవాళ్లకి గానీ అలాంటి చెయ్యి ఉన్న మనిషి గుర్తుకు రాదు. కుంటిసాకు, గుడ్డినమ్మకం, చెవిటివాడి ముందు శంఖం, ఇవన్నీ అంతే. మనిషి పోయి ఎగతాళి మిగిలిన మాటలు. ఈ ప్రయాణం స్త్రీలకి కొత్తేం కాదు. 'విధవ' కాస్తా 'వెధవ' అయి మగవాళ్లని తిట్టడానికి పనికొచ్చింది.

పూర్వం ఇవి తిట్లు కావు, ఆనవాళ్లు మాత్రమేననే వాదన ఒకటుంది. ఊళ్లో ముగ్గురు సుబ్బమ్మలుంటే ఒకామె కుంటి సుబ్బమ్మ అయ్యేది, అంతేగా అంటారు. సరే, కరణంగారి కొడుకుకి కాలు అవిటిదైతే అతన్ని ఎదురుగా ఏమని పిలిచేవాళ్లు? కరణంగారబ్బాయి అనే కదా!

మన వ్యాకరణం ఇంకో పని కూడా చేసింది. చూపులేని మగవాడు గుడ్డివాడు. స్త్రీ అయితే గుడ్డిది. కుంటిది, మూగది, చెవిటిది. గొడ్డుకీ గోడకీ వాడే ప్రత్యయమే ఆమెకీ. ఏకవచనంలో స్త్రీని అమహత్తులో కలిపేసిన భాష మనది. అందుకే వైకల్యాన్ని చెప్పే మాట మగవాడి మీద ఒకసారి పడితే స్త్రీ మీద రెండుసార్లు పడింది. అంధురాలు, బధిరురాలు, వికలాంగురాలు అనే మాటలు వచ్చాక కనీసం ఆమె మనుషుల లెక్కలోకి వచ్చింది. సంస్కృత పదాలంటే నాకున్న చిరాకుని ఇక్కడ కాస్త పక్కన పెట్టక తప్పదు.

అలాగని 'వికల' మంచి మాటేం కాదు. లోపించినదనే దానర్థం. అయినా వికలాంగుల హక్కుల పోరాట సమితి ఆ మాటనే పేరులో పెట్టుకుంది. ఆ మాటతోనే ధర్నాలు చేసింది, పింఛను పెంచమని అడిగింది. వాడి వాడి ఆ మాటని వాళ్లు తమది చేసుకున్నారు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో 'దివ్యాంగ' అనే మాట సూచించారు. మరుసటి ఏడాదికి అది కేంద్ర ప్రభుత్వ శాఖ పేరులోకి ఎక్కింది. వికలాంగుల సంఘాలు కొన్ని అప్పుడే వద్దన్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ కూడా ఈ మాటని తప్పుపట్టింది.

వద్దనడం ఎందుకో స్త్రీలకి విడమరిచి చెప్పాలా? దేవత అనిపించుకోవడం ఎంత బరువో మనకి తెలుసు. 'హరిజన' అన్న పేరుని దళితులు ఎందుకు విసిరికొట్టారో కూడా తెలుసు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములన్న పేరు కాదని వాళ్లే 'ఆది ఆంధ్రులు' అని పెట్టుకున్నారు. ఒకరు దయతో ఇచ్చిన పేరుకీ దీనికీ ఉన్న తేడా అదే. పైగా ఈ దివ్యత్వానికి సదరం శిబిరంలో నలభై శాతం తేలకపోతే పింఛను రాదు.

కొత్త మాట తెచ్చినా చూపు మారకపోతే అదీ మురిగిపోతుంది. ఇంగ్లీషులో 'మోరాన్' అనే మాటని 1910లో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వవేత్త శాస్త్రం కోసం తయారుచేశాడు. అది బడిపిల్లల తిట్టు కావడానికి ఎంతోకాలం పట్టలేదు. అందుకని పాత మాటలే వాడుకుందామా? నేనలా అనను. పిలిపించుకునే మనిషి వద్దంటే మానెయ్యాలి, ఇందులో పెద్ద తత్వమేం లేదు.

చిక్కల్లా మన రాతల్లోనే ఉంది. కథలో అత్త కోడల్ని "కుంటిదానా" అంటే దాన్ని దిద్దకూడదు. ఆమె నోట 'దివ్యాంగురాలు' పెడితే ఆ ఇంటి క్రూరత్వాన్ని మనమే దాచినట్టు. నా పేచీ రచయిత్రి సొంత వాక్యాలతో. పితృస్వామ్యపు అంధత్వం, మూగబోయిన స్త్రీ, గొంతు విప్పడం. ఇవి లేకుండా స్త్రీవాద వ్యాసం రాయడం నాకూ కష్టమే. కానీ పుట్టు చెవిటి స్త్రీ ఈ వ్యాసం చదివితే, తను ఏ గొంతు విప్పాలి? ఆమెకి చేతుల్లో పూర్తి భాష ఉంది, దానికి వ్యాకరణం ఉంది. మన కథల్లో మిగతా ఆడవాళ్లు అంటారు, అడుగుతారు, కసురుతారు, ఎద్దేవా చేస్తారు. ఆమె మాత్రం పేజీ పొడుగునా 'సైగ చేస్తూ' ఉంటుంది, మొగుడితో పోట్లాడుతున్నప్పుడు కూడా.