మనాది పడితే తప్పు తీరుతదా?



పౌర్ణమి వందన అయిపోయి అందరు లేచే వేళ, ఎవరో ఒకరు పక్కకు పిలిచి మెల్లగ అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. ఒకాయన అంటడు: “అమ్మ చనిపోతే పిండం పెట్టలే, పిట్టకు పెట్టలే. చుట్టాలు ఇప్పటికీ అంటనే ఉన్నరు. తప్పు చేసిన్నా?” దుబాయి నుంచి వచ్చినాయన అంటడు: “నాయిన పోయిన నాడు రాలేకపోయిన. ఫోన్ల చూసుకుంట ఏడ్చిన.” ఇంకొకాయన తల దించుకొని అంటడు: “తాగి ఇంటామెను కొట్టేటోన్ని. తాగుడు బంద్ చేసి యాడాదైంది. ఆమె మొఖం చూస్తే మాత్రం నా మనసు నిలవది.”

పైకి చూస్తే ముగ్గురిదీ ఒకటే మనాది. కాని ముగ్గురికీ ఒకటే జవాబు చెప్తే పొరపాటైతది.

మొదటిది, ఎదుటివాళ్ళు మన మీద పెట్టిన మనాది. దీనికి మన గోదావరి ఒడ్డు కథే ఉన్నది. సుత్తనిపాతంల పారాయణ వర్గం చదివితే బావరి అనే ముసలి బ్రాహ్మణ గురువు కనబడుతడు. అస్సక దేశంల గోదావరి ఒడ్డున ఉండేటోడు. నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తే ఆ చోటని మన ప్రాంత చరిత్ర రాసినోళ్ళు చెప్తరు. బావరి యజ్ఞం చేసి ఉన్నదంతా దానం ఇచ్చేసిండు. తర్వాత ఇంకో బ్రాహ్మణుడు వచ్చి 500 నాణేలు అడిగిండు. లేవంటే, ఏడు దినాలల్ల నీ తల ఏడు ముక్కలైతదని శాపం పెట్టిండు. బావరి ఏ తప్పు చేయలే. ఇయ్యనీకి చేతిల ఏం లేదు, అంతే. అయినా తిండి మానేసి, దిగులుతోని చిక్కి సగమైండు. చివరికి పదహారు మంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపిండు. బుద్ధుడు శాంతి పూజ చెప్పలే, ఎదురు మంత్రం చెప్పలే. అవిద్యే ఆ తల, దాన్ని పగలగొట్టేది విద్య అని వివరించిండు.

పిండం పెట్టని కొడుకుకు ఇదే జవాబు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలల్ల శ్రాద్ధం చేయను, పిండం పెట్టను అన్నది ఒకటి. అది చేయకపోతే ఎవరికి నష్టమైంది? బతికున్నప్పుడు అమ్మకు వేళకు బువ్వ పెట్టినవా, దవాఖానకు తీస్కపోయినవా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఉంటే, పిట్ట ముట్టిందా లేదా అన్న లెక్క వద్దు.

ఈ జాతి మనాదిల అన్నిటికంటే పెద్దది మన తాతముత్తాతల మీద పెట్టిండ్రు. పోయిన జన్మల పాపం చేసినవు కాబట్టే ఈ కులంల పుట్టినవన్నరు. ఆ మాట నమ్మినన్ని దినాలు మనిషి తలెత్తడు, కూలి గట్టిగ అడుగడు. తన్నులు తిని, తప్పు తనదే అనుకుంటడు. ‘బుద్ధుడు ఆయన ధమ్మం’ గ్రంథంల బాబాసాహెబ్ ఈ గతజన్మ కర్మ వాదాన్ని బుద్ధుని బోధగ ఒప్పుకోలే. చేయని తప్పుకు సిగ్గుపడుడు వినయం కాదు, అవిద్య.

రెండోది, దుబాయి కొడుకు మనాది. ఇంటి మీద అప్పు, దొరకని సెలవు, తన చేతిల లేని పాస్‌పోర్ట్, ఇవి ఆయనను ఆపినయ్. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఎన్ని ఇండ్లల్ల ఈ బాధ ఉన్నదో మనకు తెలుసు. ఇది దుఃఖం, నేరం కాదు. దుఃఖాన్ని దుఃఖంగనే ఏడ్వాలె, పంచుకోవాలె. దానికి తప్పు అని పేరు పెడితే ఆరే పుండు ఆరది.

మూడోది, కొట్టినాయనది. ఇక్కడ దులిపేసుకో అని చెప్పరాదు. దెబ్బ నిజం, చేయి ఆయనదే. మనసు నొచ్చుడు మంచి గుర్తే. తప్పంటే సిగ్గు, తప్పంటే జంకు, హిరి, ఒత్తప్ప, ఈ రెండే లోకాన్ని కాపాడేవని బుద్ధుడు చెప్పిండు. అవి లేకుంటే తాగుడు కూడ బంద్ కాకపోవు.

అయితే చేసిందాన్నే తల్చుకుంట కుములుడు వేరే. పాళీల దాన్ని కుక్కుచ్చ అంటరు. మనసుకు అడ్డం పడే ఐదు నీవరణాలల్ల చంచలత్వంతోని కలిపి దీన్ని లెక్కపెట్టిండ్రు. సామఞ్ఞఫల సుత్తంల బుద్ధుడు దీన్ని బానిసత్వంతోని పోల్చిండు. వెట్టి అంటే ఏందో తెలంగాణల మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. వెట్టోడు ఎంత చేసినా పని ఒడువది, చేతికి కూలి రాదు. కుమిలే మనిషిదీ అదే గతి. పైగా “నేను పాపిని, నేను పనికిరానోన్ని” అనుకుంటున్నంత సేపు ఆలోచనంతా “నేను” చుట్టే తిరుగుతది. దెబ్బ తిన్న ఆమె ఆ ఆలోచనల ఎక్కడున్నది? చివరికి ఆమెనే ఆయనను ఓదార్చాలె. ఆ మనాది తట్టుకోలేక మళ్ళ సీసా పట్టేటోళ్ళూ ఉన్నరు.

అంబలట్ఠికల బుద్ధుడు రాహులునికి అద్దం ఉదాహరణ చెప్పిండు. పని చేయకముందు, చేస్తుండంగ, చేసినంక చూసుకో. చేసింది చెడు అని తేలితే గురువుకో, తెలిసిన తోటివాళ్ళకో దాచకుండ చెప్పు, మళ్ళ చేయకుండ కాచుకో. ఇన్ని దినాలు ఏడ్వాలె అన్న లెక్క అందులో లేదు.

ఇక్కడ అశోకుని సంగతి కూడ చూడాలె. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన 13వ శిలాశాసనం ఉన్నది. కళింగ యుద్ధంల లక్ష మంది చచ్చిండ్రని, లక్షా యాభై వేల మందిని పట్టి తీస్కపోయిండ్రని, దానికి తన మనసు నొచ్చిందని అందులో చెప్పిండు. అంత పెద్ద రాజు అట్ల ఒప్పుకొనుడు చిన్న సంగతి కాదు. కాని దెబ్బ తిన్న కళింగలనే, ధౌలి, జౌగడల, ఆ శాసనం చెక్కించలే. దాని జాగల అధికారులకు వేరే ఆజ్ఞలు రాయించిండు: ప్రజలను నా పిల్లల లెక్క చూడుండ్రి, కారణం లేకుండ బంధించకుండ్రి అని. ఆ ఆజ్ఞలు మంచివి. అయినా, తీస్కపోయినోళ్ళను తిరిగి తెచ్చిన మాట 13వ శాసనంల లేదు. పైగా అడవి జనానికి, పశ్చాత్తాపపడ్డా నా బలం తగ్గలేదన్న హెచ్చరిక ఉన్నది. ఆదిలాబాద్ అడవుల పక్కన బతికే మనం ఆ మాట చూడనట్టు దాటిపోవద్దు. రాజు మనసు నిజంగనే నొచ్చింది. దాంతోనే బాకీ అంతా తీరలే.

అందుకే కొట్టినాయన చేయవలసిన పనులు ఉన్నయ్. ఎవరెవరికో చెప్పుకొని మనసు తేలిక చేసుకునే ముందు, “నేను కొట్టిన, నీ తప్పు లేదు” అని ఆమెకే చెప్పాలె. ఆమెను కొట్టింది పిల్లలు చూసి ఉంటే పిల్లల ముందట కూడ చెప్పాలె. కూలి పైసలు ఆమె చేతిల పెట్టాలె. ఐదో శీలం తప్పొద్దు. క్షమించుడా, లేదా అన్నది ఆమె ఇష్టం. తల్లిగారింటికి పోతనంటే అడ్డం నిలబడొద్దు. ఇవి చేసుకుంట పోయినంక మనాది మళ్ళ వస్తే, “చేయవలసింది చేస్తున్న” అని దానికి జవాబు చెప్పి పనిల పడాలె.

మనాది మేలా, కీడా? తలుపు కొట్టి లేపితే మేలు. ఇంట్ల కాపురం పెడితే కీడు. తలుపు కొట్టినప్పుడు మూడు మాటలు అడుగుండ్రి. ఎవరికైనా దెబ్బ తగిలిందా? అది నా చేతులతోనేనా? ఈ దినం ఏం సరిచేయగలను? మొదటి రెండింటికి కాదని వస్తే ఆ బరువు దించుండ్రి. అవునని వస్తే మూడో దాని జవాబు పట్టుకొని, దెబ్బ తిన్న మనిషి దగ్గరికి పోండ్రి.

జై భీమ్. నమో బుద్ధాయ.