సూది కన్నా ముందు మాట

2016 జూన్‌లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో పోలియో వైరస్ కనబడిందన్న వార్త టీవీల్లో మోగింది. మన దేశం పోలియో నుంచి బయటపడిందని ప్రకటించి అప్పటికి రెండేళ్లే. జబ్బుపడ్డ పిల్లలెవరూ లేరు. ఆ వైరస్ చుక్కల మందులో ఉండే బలహీన వైరస్ నుంచే పుట్టింది. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందు వేయడానికి పూనుకున్నారు.

ఫలక్‌నుమాలో ఒక తల్లి "మందు నుంచే వైరస్ వచ్చిందట, నిజమేనా?" అని అడిగిందనుకుందాం. "కాదు" అంటే పని తొందరగా అవుతుంది. "అవును" అంటే రేపు చుక్కలు కూడా వద్దంటుందేమోనని భయం. మంచి పని కోసం చిన్న అబద్ధం ఆడవచ్చా?

ఆడకూడదనే మనం అంటాం. బిడ్డ ఆమెది, తెలుసుకునే హక్కూ ఆమెదే. పైగా అబద్ధం ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారులు టీకాల కార్యక్రమాన్ని ముసుగుగా వాడుకున్నారు. ఆ సంగతి తెలిశాక అక్కడ నిజమైన టీకాలనూ జనం అనుమానించారు.

అయితే "అవును" అని ఊరుకున్నా అది సగం నిజమే. టీకా పడని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట, ఆ బలహీన వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, చాలా అరుదుగా మళ్లీ బలం పుంజుకుంటుంది. అందరికీ టీకా పడితే దానికి దారి ఉండదు. మొత్తం నిజం చెబితే అదే టీకా వైపు నిలబడుతుంది.

దానికి కాస్త సమయం కావాలి, ఆమె భాష కావాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే తల్లికి టీవీలో పరుగెత్తే తెలుగు అక్షరాలు ఏం చెబుతాయి? మన గూడేల్లో గోండి, కొలామి, కోయ మాట్లాడే అవ్వలదీ ఇదే గతి. వినకపోతే మాత్రం వాళ్లను మొండివాళ్లంటారు, మనవాళ్లను మూఢులంటారు. అర్థమయ్యేలా చెప్పని వాళ్ల తప్పును ఎవరూ లెక్కపెట్టరు.

ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి మాట వినబడటం మనకు గౌరవమే. కానీ రేడియోను తిరిగి ప్రశ్న అడగలేం. ఆ పని చదువుకున్న మనదే. ఫోన్‌లో టీకా మీద ఏదో వీడియో చూసి ఎవరైనా భయపడితే, నవ్వకుండా ముందు వాళ్ల భయం విందాం. తెలిసింది వాళ్ల భాషలోనే చెబుదాం. తెలియకపోతే నర్సమ్మను అడిగి వస్తామని చెప్పి, తప్పకుండా తిరిగి వెళదాం.