ఇంటి నేల, ఇంటి నీతి

ఇల్లు ఎండవానలనుండి మనలను గాపాడునది మాత్రమేనా, లేక తనలో వసించువారికి ధర్మాధర్మములను నేర్పు గురువు గూడనా? ఈ ప్రశ్నను విచారించుటకు కొరియాదేశపు ప్రాచీనగృహము తగిన దృష్టాంతమని మా యభిప్రాయము. దానిని అచ్చటివారు హనోక్ అందురు.

1392 మొదలు 1910 వఱకు ఆ దేశము నేలిన జోసన్ వంశీయుల కాలమున కన్ఫ్యూషియసు బోధలే గృహస్థులకు శాసనములు. ఆనాటి సంపన్నుని యిల్లు ఒకే కప్పు క్రింద నుండునది కాదు. గోడలచేతను ముంగిళ్లచేతను విడదీయబడిన కట్టడముల సముదాయము. వీథివైపున యజమానుడు చదువుకొనుటకును అతిథులను గౌరవించుటకును సరంగ్‌ఛే. లోపల స్త్రీలు వసించు ఆన్‌ఛే. వాకిలిచెంత సేవకుల గదులు. ఉన్నతస్థలమున పితృదేవతల మందిరము. లోవాకిలి తెఱచియున్నను పరపురుషుని చూపు ఆన్‌ఛేపై బడకుండ కొన్ని యిండ్లలో నొక యడ్డుగోడయు గలదు.

ఈ గృహమునందలి సుగుణములను మేము కాదనము. పొయ్యిలోని మంటయు పొగయు గదినేలక్రింద, రాతిపలకల యడుగున బాఱి, ఆవలి పొగగొట్టమున వెడలును. వంట చేసిన నిప్పే గదిని వెచ్చజేయును. దీనిని ఒండోల్ అందురు. వేసవికై మారు అను చెక్కనేల గలదు. దాని క్రింద గాలి యాడుచుండును. గదిలో పొయ్యికి దాపున నుండు మిక్కిలి వెచ్చని చోటు పెద్దలకును అతిథులకును విడువబడును. వృద్ధులను గౌరవించుట నేల నేర్పినదన్నమాట.

అయితే ఆ నేలను వెచ్చజేసిన దెవరు? వేడిమి నేలక్రిందికి ప్రవేశింపవలయునన్న పొయ్యి గదికంటె పల్లమున నుండవలయును. కావున వంటయిల్లే పల్లమయ్యెను. స్త్రీ యందు వంగి నిప్పు రాజేసి, భోజనమును చిన్నబల్లపై నమర్చి, ఆ బల్లనెత్తుకొని పైకెక్కి గదులకు గొనిపోవలయును. సంపన్నగృహములలో నీ శ్రమ దాసీజనముపై బడెను. ఒకరికి జేయు గౌరవము మఱియొకరి నడుమునొప్పితో గొనబడినచో అది సంపూర్ణధర్మ మగునా?

ఆన్‌ఛేలో గృహిణిదే యధికారమనియు, ధాన్యపుకొట్ల తాళపుచెవులు ఆమెచేతనే యుండెననియు పూర్వాచారపరులు చెప్పుదురు. నిజమే. కాని కొట్టు తెఱవగల చేతికి వీథివాకిలి దాటు స్వేచ్ఛ లేనిచో, అది ఇంటిని గాచు బాధ్యతయే కాని స్వాతంత్ర్యము కాదు.

కాలము మాఱెను. 1894వ సంవత్సరపు సంస్కరణములచే దాస్యము చట్టరీత్యా రద్దయ్యెను. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున అంతస్తుల భవనములు వ్యాపింపగా, నేలక్రింద పొగకు మాఱుగ వేడినీటి గొట్టములు వచ్చెను. వంటయిల్లు గదులతో సమమయ్యెను. వెచ్చదనము నిలిచెను, పల్లము పోయెను. అన్యాయమును దొలగించినచో ఆచారమే నశించునని భయపడువారికి ఇదియే ప్రత్యుత్తరము. మేలును కీడునుండి వేఱు చేయవచ్చును.

కాని నేల సమమైనంతనే మనస్సు సమము కాదు. ఛుసోక్ పండుగనాడు పితరులకు నివేదించు వంటకముల భారము కోడండ్రపైననే పడుచున్నదని ఆ దేశమున నేటికిని వాదములు జరుగుచున్నవి. గోడ పడినను దాని నీడ నిలిచియున్నది.

హహో, యాంగ్‌దాంగ్ అను ప్రాచీనగ్రామములు 2010లో ప్రపంచవారసత్వస్థలములుగా గుర్తింపబడినవి. ఆ యిండ్ల దూలములను, కప్పులను కాపాడుట యుక్తమే. కాని వానినుండి నేర్వవలసినది ఆ దేశమువారికి మాత్రమే చెందినది కాదు. వెచ్చనిచోట నెవరిని గూర్చుండబెట్టితిమన్నది యొక ప్రశ్న. పొయ్యియొద్ద నెవరిని నిలిపితిమన్నది రెండవ ప్రశ్న. మొదటిదానికి సంతోషముతో బదులు చెప్పు గృహస్థుడు రెండవదానికి తలవంచుకొనకుండ బదులు చెప్పగలిగిననాడే ఆ యిల్లు ధర్మగృహ మనిపించుకొనును.